ఆకుపచ్చ గొడుగులు

బి.ఏ. చదివే రోజుల్లో మా ఇంగ్లీషు లెక్చరరు గారు చార్లెస్ డికెన్స్ 'పిక్‌విక్ పేపర్స్'లోని ఎలక్షన్ల ఘట్టం చదివి వినిపించి, క్లాసు క్లాసంతటినీ కడుపుబ్బ నవ్వించారు. ఆ నవ్వు పాతికేళ్ళు నాతోనే ఉంది. కిందటి ఎలక్షన్లు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆ పుస్తకం మళ్ళీ తీశాను. ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే ముందు ఆ కథ చెప్పాలి. చదివినవాళ్ళు మరోసారి వినండి. చదవనివాళ్ళు, వంట కాస్త ఆలస్యమైతే అయిందనుకుని వినండి.

1836లో మొదలై నెలనెలా భాగాలుగా వచ్చిన నవల అది. మన వారపత్రికల సీరియల్‌కి పెద్దన్నయ్య అన్నమాట. అందులో ఈటన్‌స్విల్ అని ఒక ఊరు. ఆ పేరులోనే తినడం, తాగడం రెండూ ఉన్నాయి. ఆ ఊళ్ళో ఎలక్షన్లు వచ్చాయి. ఒక పార్టీవాళ్ళు ముప్ఫైముగ్గురు ఓటర్లని హోటలు బండ్లకొట్టంలో పెట్టి తాళం వేశారు. అవసరం వచ్చేదాకా వాళ్ళకి తాగుడే తాగుడు. (మన కాలపు రిసార్టు రాజకీయాలు మీకు గుర్తొస్తే అది నా తప్పు కాదు.) రెండో పార్టీ అభ్యర్థి స్లమ్కీ గారు వీధిలోకి వచ్చేసరికి, ఆయన చేతులు కలపడానికి శుభ్రంగా కడిగించిన ఇరవైమంది మగవాళ్ళు సిద్ధం. తల నిమరడానికి ఆరుగురు చంకపిల్లలు సిద్ధం. పిల్ల వయసెంతని తల్లిని అడగాలన్నది కూడా ముందే నేర్పి ఉంచారు.

ఈ ఏర్పాట్లన్నీ చేసినవాడు పెర్కర్ అనే ఏజెంటు. ఆయనకి అన్నిటికంటే గర్వం కలిగించిన పని ఇంకొకటి ఉంది. ముందురోజు రాత్రి నలభై ఐదుగురు ఆడవాళ్ళని టీకి పిలిచి, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక ఆకుపచ్చ గొడుగు పెట్టి పంపాడు. గొడుగు ఏడున్నర షిల్లింగులు. దాంతో వాళ్ళ మొగుళ్ళూ, అన్నదమ్ముల్లో సగంమందీ తన పక్షానికి వచ్చేశారని చంకలు గుద్దుకుంటాడు.

మా క్లాసు అన్నిటికంటే గట్టిగా నవ్వింది ఈ గొడుగుల దగ్గరే. అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్ళకి పార్లమెంటు ఓటే లేదు. 1918 దాకా రాలేదు. ఓటు అందకపోయినా గొడుగు మాత్రం అందింది చూడండి! మనకి 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల నుంచీ మగవాళ్ళతో సమానంగా ఓటుంది. అయితే ఏం? గొడుగు పోయి చీర వచ్చింది, కుంకుమభరిణె వచ్చింది, ముక్కుపుడక వచ్చింది, కుక్కరు వచ్చింది. ఇవన్నీ మోసుకు తిరగడం కష్టమని ఇప్పుడు కవరు వచ్చింది. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు, పక్కవాళ్ళకిచ్చిన కవర్లు తమకివ్వలేదని ఆడవాళ్ళు రోడ్డెక్కినట్టు పత్రికల్లో చదివాం. అప్పుడూ నవ్వాం.

ఇక్కడ నాదొక తప్పు ఒప్పుకోవాలి. నేనూ ఒక సీరియల్లో ఎలక్షన్ల అధ్యాయం రాశాను. పేటలో చీరలు పంచుతున్నారు. ఒకామె నెమలికంఠం రంగు కావాలంటుంది, ఒకామె అంచు సన్నగా ఉందని విసిరికొడుతుంది, ఇద్దరు కొప్పులు పట్టుకుంటారు. ఆ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలామంది 'పడీపడీ నవ్వాం' అని రాశారు. నేనూ పొంగిపోయాను. అవి నా ఆకుపచ్చ గొడుగులన్నమాట.

కిందటి ఎలక్షన్ల మర్నాడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి వేలిమీద సిరా చుక్కతో వచ్చింది. కాఫీ ఇస్తూ అడిగాను.

"మీ వీధిలో ఎంతిచ్చారు?"

దాచకుండా చెప్పింది. రెండు పార్టీలవాళ్ళూ ఇచ్చారట.

"తీసుకున్నావా?"

"తీసుకోకపోతే పంచేవాడు మింగేస్తాడు గదండీ."

నేను ఊరుకున్నానా? ఓటు అమ్ముకుంటే అయిదేళ్ళపాటు నోరెత్తే హక్కు పోతుందనీ, మీలాంటివాళ్ళ మూలానే దేశం ఇలా తగలడిందనీ పావుగంట క్లాసు పీకాను. ఆ అమ్మాయి గిన్నెలు తోముతూనే అంతా ఓపిగ్గా వింది. చివరికి చేతులు కడుక్కుని, "నిజమేలెండి అమ్మగారూ. మీ కొత్త మోటారు బాగా పనిచేస్తోందాండీ?" అని అడిగింది.

నాకింక మాట రాలేదు.

ఆ మోటారు సంగతి మీకు చెప్పాలి. మా కాంప్లెక్సులో ముప్ఫైఆరు ఫ్లాట్లు. ఎలక్షన్లకి నెల ముందు బోరు మోటారు కాలిపోయింది. తలా కాస్త వేసుకుని కొత్తది కొందామంటే, పై అంతస్తుకీ కింది అంతస్తుకీ ఎప్పుడూ ఉండే తగువే. సరిగ్గా అప్పుడు ఒక అభ్యర్థి తాలూకు మనుషులు వచ్చారు. తెల్లబట్టలు, ఎంతో మర్యాద. మీ సమస్యలేమిటమ్మా అని అడిగారు. వారం తిరక్కుండా కొత్త మోటారు బిగించారు, గేటు దగ్గర రెండు సి.సి. కెమెరాలు పెట్టారు. ఆ ఆదివారం సెల్లారులో 'ఆత్మీయ సమావేశం', వేడివేడి టిఫిన్లు. నన్ను రచయిత్రినని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. వందన సమర్పణ నేనే చేశాను. చాలా బాగా మాట్లాడానని అందరూ అన్నారు.

దాన్ని మేమెవరం డబ్బు పుచ్చుకోవడం అనుకోలేదు. కవరులో పెట్టి ఇస్తే లంచం. పైపుకి బిగించి ఇస్తే సహకారం. ఆ రాత్రి నిద్రపట్టక, మోటారూ కెమెరాల ఖరీదు మా కాంప్లెక్సు ఓట్లతో భాగించి చూశాను. మా పనమ్మాయి ఓటుకంటే నా ఓటు కాస్త ఎక్కువే పలికింది. డిగ్రీ ఉంది గదా మరి!

మర్నాడే నేను పిక్‌విక్ పుస్తకం తీసింది. నలభై ఐదుమందిని వరసగా ఊహించుకుంటూ పోతే, నలభై ఆరో గొడుగు పట్టుకుని నేను నిలబడ్డాను. నవ్వు అక్కడ ఆగింది.

ఆ తర్వాత డికెన్స్ మీద నాకో ఫిర్యాదు పుట్టింది. అప్పటికి ఆయనకి నిండా పాతికేళ్ళు లేవు, ఆ వయసులో అంత చమత్కారం ఎవరికి వస్తుంది? కాదనను. కాని ఆయన గొడుగు ధర చెప్పాడు, గొడుగు రంగు చెప్పాడు, పుచ్చుకున్న ఆడవాళ్ళ లెక్క చెప్పాడు. ఆ బిల్లు ఎవరు తీర్చారో, తీర్చినవాడు తర్వాత ఎక్కడినుంచి రాబట్టుకున్నాడో చెప్పలేదు. స్లమ్కీ గారు గెలుస్తారు, బ్యాండు మోగుతుంది, కథ ఇంకో ఊరి మజిలీకి వెళ్ళిపోతుంది. మన మనసులో మిగిలేది చవకబారు గొడుగుకి లొంగిన ఆడవాళ్ళు మాత్రమే. పుచ్చుకున్నవాళ్ళని చూసి నవ్వి, పెట్టుబడి పెట్టినవాణ్ణి వదిలేసే హాస్యం అది. నా చీరల అధ్యాయం కూడా అచ్చం అంతే.

ఆయన కాలపు నవలాకారుడే ఆంథొనీ ట్రోలప్ దీన్ని ఒళ్ళు కాల్చుకుని నేర్చుకున్నాడు. 1868లో బెవర్లీ అనే ఊళ్ళో తానే పార్లమెంటుకి నిలబడ్డాడు. నువ్వు ఓడిపోతావు, డబ్బు పోతుంది, చివరికి విచారణ జరిగి ఈ ఊరికే సీటు లేకుండా పోతుంది అని తెలిసినవాళ్ళు ముందే చెప్పారట. అన్నీ జరిగాయి. ఆయన అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఓట్ల కొనుగోలు మీద విచారణ జరిగింది. 1870లో బెవర్లీ తన పార్లమెంటు స్థానాలని పోగొట్టుకుంది. ఆ అనుభవంతో ఆయన 'రాల్ఫ్ ది ఎయిర్' అనే నవల రాశాడు. ఇలాంటివన్నీ చూసి చూసి బ్రిటన్ 1883లో అభ్యర్థి ఖర్చుకి చట్టంతో హద్దు పెట్టింది.

మనకీ హద్దుంది. 2022లో పెంచిన ప్రకారం పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు. అది అభ్యర్థి హద్దు. పార్టీకి హద్దు లేదు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని లెక్కలోకే వస్తుందని తీర్పు చెప్పింది. ఆ నెల తిరక్కుండానే ఆర్డినెన్సు వచ్చింది. పార్టీ పెట్టిందీ, స్నేహితులు పెట్టిందీ అభ్యర్థి లెక్కలోకి రాదంది. 2003లో ఆ సందుని కొంత బిగించారు గాని, పార్టీ తన ప్రచారానికి ఎంత పోసినా అడిగే చట్టం ఇప్పటికీ లేదు. మన ఇళ్ళల్లో పెళ్ళి లెక్కలు ఇలాగే ఉంటాయి. 'రెండు లక్షల్లో కానిచ్చేశాం' అంటారు. తీరా చూస్తే భోజనాలు మేనమామ ఖాతా, చీరలు పిన్నిగారి ఖాతా, నగలు అమ్మమ్మ ఖాతా!

మరి ఈ మేనమామలెవరో మనకి తెలియాలా వద్దా? కంపెనీలు పార్టీలకి విరాళాలివ్వడాన్ని 1969లో నిషేధించారు, 1985లో మళ్ళీ ఒప్పుకున్నారు. 2018లో ఎలక్టోరల్ బాండ్లు వచ్చాయి. స్టేట్ బ్యాంకులో బాండు కొని నచ్చిన పార్టీకి ఇవ్వొచ్చు. ఎవరిచ్చారో ఓటరుకి తెలియదు. అలా ఆరేళ్ళలో 16,000 కోట్లకు పైగా చేతులు మారింది. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు జడ్జీలూ ఒక్కమాటగా అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య బదులు ఉపకారాలు నడవొచ్చు గనక, ఎవరెంత ఇచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందన్నారు. మార్చిలో పేర్లు బయటికి వచ్చాయి. అందరికంటే ఎక్కువ కొన్నది లాటరీల వ్యాపారం చేసే కంపెనీ. రెండోది మన హైదరాబాదు నిర్మాణ కంపెనీ, 966 కోట్లు. ఇచ్చినవాళ్ళంతా దానికి బదులు పనులు పుచ్చుకున్నారని నేననను. అది తేల్చే చోటు వేరే ఉంది. కాని నలభై ఐదు గొడుగుల మీద నూట తొంభై ఏళ్ళుగా నవ్వుతున్న మనం, 16,000 కోట్ల మీద ఎంతసేపు మాట్లాడుకున్నాం? గొడుగు కంటికి కనిపిస్తుంది. బాండు కనిపించదు. నవ్వు కూడా కనిపించినదాని మీదే వస్తుంది.

గొడుగు దగ్గర ఆగిపోకుండా బిల్లు వెంట నడిచిన రచయిత్రి ఒకావిడ ఉంది. జార్జి ఇలియట్ అని మగపేరు పెట్టుకుని రాసిన మేరీ ఆన్ ఇవాన్స్. ఆవిడ 'మిడిల్‌మార్చ్' 1871-72లో వచ్చింది. అందులో బ్రూక్ గారని ఒక భూస్వామి. మంచాయన, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. దేశాన్ని సంస్కరించాలని పార్లమెంటుకి నిలబడతాడు. అందుకోసం ఏకంగా ఒక పత్రికనే కొంటాడు. ఎదుటి పత్రిక ఆయన్ని ఎక్కడ కొట్టిందో తెలుసా? దేశమంతటి అవినీతిని చూసి ఇంత మండిపడుతున్న మనిషికి, తన కౌలు పొలాల గేట్లు పుచ్చిపోయిన సంగతి కనబడదేం అని అడిగింది.

ఆయన ఎస్టేటులో ఒక కుటుంబం, భార్యాభర్తలూ ఏడుగురు పిల్లలూ, చిన్న పడగ్గది ఒక్కటే ఉన్న ఇంట్లో ఉంటారు. ఇంకో కౌలుదారు ఇల్లు పడిపోతుంటే, గదులు ఎలకలకి వదిలేసి వెనక వంటింట్లో కాపురం చేస్తాడు. ఈ రెండు సంగతులూ బ్రూక్ గారి మొహం మీద చెప్పింది ఎవరు? ఓటు లేని ఆడపిల్ల, ఆయన అన్నదమ్ముడి కూతురు డొరొతియా. పాలేర్ల ఇళ్ళకి ప్లానులు గీసుకుంటూ కూర్చునే పిల్ల. పెదనాన్న చేతిలో ఉన్న డబ్బు ముందు దేనికి పెట్టాలన్నదే ఆమె అడిగిన ప్రశ్న. పత్రిక కొనడానికా, పడిపోతున్న ఇల్లు నిలబెట్టడానికా?

ఈనాడు మనం బడ్జెట్టని పెద్ద పేరు పెట్టి పిలిచేది కూడా ఈ ప్రశ్ననే. దేనికి ముందు, దేనికి వెనక. నెల మొదటివారంలో ప్రతి ఇల్లాలూ చేసే పనే. ఎలక్షన్లలో కోట్లు పోసి వచ్చినవాడు ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్తాడో చెప్పడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు. పోసింది రాబట్టుకోవాలంటే బిల్లు పెద్దది కావాలి. సిమెంటు, కంకర, ఇనుము, టెండరు ఉన్న పని కావాలి. నర్సు జీతంలో కమిషను రాదు. బడి మరుగుదొడ్డి రోజూ కడిగించడంలో ఏం మిగులుతుంది? మరమ్మతుకి శంకుస్థాపన ఉండదు, శిలాఫలకం ఉండదు, రిబ్బను కత్తిరించే పని ఉండదు. కొత్తది కట్టడానికి డబ్బుండి, ఉన్నది బాగుచెయ్యడానికి లేకపోవడం ఎంత చిత్రమో అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. అందులో చిత్రమేమీ లేదు. అది ఎలక్షన్ల ఖర్చు తీరుతున్న పద్ధతి.

మా పనమ్మాయి వీధి మొదట్లో ఇప్పుడొక సిమెంటు ఆర్చి వెలిసింది. రాత్రిళ్ళు రంగుదీపాలు కూడా. ఆర్చి కిందనుంచి లోపలికి వెళ్తే సైడు కాలువ పూడిపోయి నీళ్ళు గడపల దాకా నిలబడి ఉంటాయి. వానలు పడ్డాక ఆ అమ్మాయి రెండో కూతురికి డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. రెండు పార్టీల కవర్లూ కలిపి రెండో రోజుకే అయిపోయాయి. తర్వాత నా దగ్గరికి అప్పుకి వచ్చింది. ఆ రోజు నేను క్లాసు పీకలేదు.

'ఇదంతా ఉచితాల మూలాన అమ్మా, జనాన్ని సోమరులు చేస్తున్నారు' అనేవాళ్ళు మా కాంప్లెక్సులో చాలామంది ఉన్నారు. రెండిటినీ కలపకండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అలాంటి పథకానికి బడ్జెట్లో పద్దు ఉంటుంది, అసెంబ్లీలో చర్చ ఉంటుంది, అది మంచో చెడో పగటిపూట నలుగురిలో వాదించుకోవచ్చు. మ్యానిఫెస్టోలో చేసే వాగ్దానం చట్టం చెప్పే ఎన్నికల అక్రమం కిందికి రాదని సుప్రీంకోర్టు 2013లో అంది కూడా. రాత్రిపూట తలుపు తట్టే కవరుకి పద్దు లేదు, చర్చ లేదు. దానికి వడ్డీ మాత్రం ఉంది.

ఆడవాళ్ళు ఏ వస్తువు చూపిస్తే దానికే లొంగుతారన్న పెర్కర్ సిద్ధాంతానికి మన నేలమీదే జవాబుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల వాచకంలో సారా కాపురాల మీద ఒక పాఠం ఉండేది. ఆ పాఠం జిల్లా దాటింది. ఆడవాళ్ళు సారా వేలంపాటలని అడ్డుకున్నారు. సారా డబ్బు ఖజానాకి పెద్ద ఆదాయం, రాజకీయాలకి పెద్ద అండ. అయినా 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఖజానాకి డబ్బు చాలడం లేదని 1997లో దాన్ని సడలించారు, నిజమే. కాని ప్రభుత్వం డబ్బు ఎక్కడినుంచి తెస్తోంది, ఆ బిల్లు ఏ ఇంట్లో తీరుతోంది అని అడగడం, అప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళకి వచ్చింది. ఆ పాఠం మీద విమర్శకులెవరూ వ్యాసాలు రాసి ఉండరు. కాని ఆ పాఠం వాళ్ళని చూసి నవ్వలేదు, వాళ్ళ చేతికి బిల్లు ఇచ్చింది. డికెన్స్ చెయ్యనిదీ, నేను చెయ్యనిదీ ఆ చిన్న పాఠం చేసింది.

అందుకని నా చీరల అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. నవల పుస్తకంగా మళ్ళీ అచ్చవుతోంది. కొప్పులు పట్టుకునే దృశ్యం తీసేశాను. ఈసారి కథ సెల్లారులో టిఫిన్ల దగ్గర మొదలవుతుంది. ముందు వరసలో శాలువా కప్పుకుని ఒక రచయిత్రి కూర్చుని ఉంటుంది.

మొన్న అసోసియేషన్ మీటింగులో, మోటారు ఖరీదు మనమే తలా కాస్త వేసుకుని ఆ వీధి కాలువ పూడిక తీయించడానికి ఇద్దామన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. 'మీకు కథలు రాసి రాసి ఇలా అయిందండీ' అన్నారు నవ్వుతూ. సరే, డబ్బు వద్దు, కాలువ కోసం మున్సిపాలిటీకి పెట్టే అర్జీ మీద సంతకాలైనా చెయ్యండన్నాను. ముప్ఫైఆరు ఫ్లాట్లలో పదకొండు సంతకాలు వచ్చాయి. పదకొండూ ఆడవాళ్ళవే. ఆ వీధినుంచి అరవై మూడు సంతకాలు, వేలిముద్రలు వచ్చాయి.

అర్జీ పట్టుకుని మా పనమ్మాయీ నేనూ కలిసి వెళ్ళాం. గుమస్తా కాగితం చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు. "మీరిద్దరూ ఒకటే వార్డా?" అని అడిగాడు.

"ఒకటేనండీ" అంది ఆ అమ్మాయి, నేను నోరు తెరిచేలోగా.

బయటికి వచ్చేసరికి వాన. నా గొడుగు కిందికి రమ్మన్నాను. "బాగుందండీ గొడుగు. ఎవరిచ్చారు?" అంది.

"కొనుక్కున్నాను" అన్నాను.